ఒక బాటకు ఒకే నడక

మృగశిర కార్తె. తొలి వాన.

ముందు నా సంతోషం రాసుకుంటాను, బాట సంగతి తర్వాత. మా అమ్మాయి నూకరత్నానికి బాట ఇచ్చారు. ఎవరి బాటో కాదు, నా బాటే! ఈ పొద్దున బాటల ఆఫీసు తనూజ మేడం గేటు దగ్గర బండి దిగుతూనే, "పోలయ్య గారూ, మీ తర్వాత కాపరిగా మీ అమ్మాయి పేరే ఖాయం చేశాం" అంది. నేను ఆవిడ రెండు చేతులూ పట్టేసుకున్నాను. పట్టుకున్నాక గుర్తొచ్చింది, నా చేతుల నిండా జలగల మందు ఉందని. పొగాకూ సున్నమూ కలిపి నూరిన ముద్ద అది, ఓ పట్టాన కంపు వదలదు. పాపం ఆవిడ రుమాలుతో తుడుచుకుంటూ, "వానలు వెళ్ళేలోపు తీగ ఆ అమ్మాయి నడకను ఒప్పుకోవాలి. లేకపోతే బాట మూసేస్తారు, తెలుసుగా" అని మాత్రం అంది. తెలుసు. తెలియకేం. కానీ ఈ రోజు అది తలుచుకునే రోజు కాదు.

ఈ దినచర్య రాయమన్నదీ ఆవిడే. దిగిపోయే కాపరి కొత్త కాపరికి బాట అప్పగించే కాలంలో జరిగిందల్లా రాసి పెట్టాలట. "ఎనిమిదితో మానేసినవాణ్ణమ్మా" అన్నాను. "మాట్లాడినట్టే రాయండి" అంది. నేను మాట్లాడినట్టు రాస్తే అడవిలో చెట్లన్నీ కాగితాలైపోతాయని డొంబు నవ్వాడు. వంతల డొంబు నా పక్క బాట కాపరి. వాడిది నిట్టనిలువు బాట, ఒంట్లో పొగరున్న కుర్రకారు ఎక్కేది. నాది సులువు బాట. ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు, ఆయాసం మనుషులు, ఎవరైనా నడవొచ్చు. కింద మైదానంలో వాన అన్నది ఎరగకుండా పెరిగినవాళ్ళు ఏళ్ళ తరబడి వంతు కోసం కాచుకుని వస్తారు. నా వెనకాలే నడిచి, పైన మబ్బు అరుగు మీద నిలబడి నోరు తెరుస్తారు. నోట్లో చినుకు పడగానే కొందరు నవ్వుతారు, కొందరు ఏడుస్తారు. ఆ రెండూ చూడ్డానికే నేను రోజూ నిద్ర లేస్తాను.

డొంబు నోట్లో బెల్లం ముక్క పెట్టాను.

"ఏటి మావా, బాట నీ గుంటకిచ్చీసినారు. ఇంక నువ్వేటి సేత్తావు? గేటు కాడ కూకోని ఈగలు తోల్తావా?"

"ఈ అడవిలో ఈగలెక్కడున్నాయిరా, జలగలే కదా."

"అయితే జలగలకి జోల పాడు. నీ గొంతు ఇంటే మందు లేకుండానే రాలిపోతాయి."

వాడు ఏమన్నా ఈ రోజు నాకు కోపం రాదు.

మృగశిర చివర్న.

వచ్చేసింది! నూకరత్నం వచ్చేసింది! పిల్లలు పెద్దవాళ్ళయితే గేటు లోపల ఉండకూడదన్న రూలు ప్రకారం నా బిడ్డను కిందికి పంపినప్పుడు దాని పెట్టె నేనే మోశాను. ఈ రోజు అదే పెట్టె మళ్ళీ నేనే మోశాను, ఈసారి పైకి. ఇన్నేళ్ళూ ట్యాంకుపేటలో ఉంది. నీళ్ళ కోసం వరసల్లో నిలబడే జనాన్ని అదిలించే పని. అక్కడ స్నానమంటే తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకోవడమే. ఆ గుడ్డ పిండిన నీళ్ళు కూడా పారబొయ్యరట.

గేటు దాటగానే పెద్ద వాన పట్టుకుంది. గొడుగు తెరవబోయాను. వద్దంది. కొత్తవాళ్ళ లాగే మొహం పైకెత్తి నోరు తెరిచింది. ఈ వానలోనే పుట్టిన పిల్ల!

"నాన్నా, రోజూ తానం సెయ్యొచ్చు కదేటి?"

"రోజుకి నాలుగుసార్లు సేసుకోవే. ఎవులు కాదంటారు?"

నవ్వుకుంటూ ఇంటి అరుగెక్కి లోపలికి నడిచింది. ఆ అడుగుల చప్పుడు వినేసరికి పెట్టెతో అక్కడే నిలబడిపోయాను. నిటారుగా, టకటకా, లోపల ఎవరో పిలుస్తున్నట్టు. అచ్చం వాళ్ళమ్మ నడక! గౌరమ్మ పోయి ఎన్నో ఏళ్ళు. మొహం కూడా కళ్ళు మూసుకుంటే గానీ సరిగ్గా గుర్తు రాదు నాకు. ఆ నడక మాత్రం ఈ రోజు మా చెక్క అరుగు మీద మళ్ళీ వినబడింది.

"ఏటి నాన్నా అలా నిలబడిపోనావు? పెట్టె బరువా?"

"కాదే. ఇంకోపాలి అటూ ఇటూ నడువు."

"పెళ్ళిచూపులేటి?"

నడిచింది మాత్రం. నేను పెట్టె మీద కూర్చుని విన్నాను. ఇంత సంతోషం నా బతుకులో ఉందని నాకే తెలియదు.

ఆరుద్ర కార్తె.

బాట సంగతి రాయాలి ఇక. నూకరత్నాన్ని వెనకాల పెట్టుకుని గేటు నుంచి మబ్బు అరుగు దాకా వెళ్ళి వచ్చాను. తాబేలు బండ దగ్గర మలుపు, ఊట దగ్గర దోసెడు నీళ్ళు, పెద్ద ఫెర్న్ చెట్టు కింద కాసేపు కూర్చోవడం, అన్నీ దానికి గుర్తే. నా వెనక నడిచినంతసేపూ ఏ ఇబ్బందీ లేదు.

ఒంటరిగా పంపినప్పుడే వచ్చింది చిక్కు.

నేలంతా పరుచుకున్నది అడుగుతీగ. పాత అడవి కాలిపోయాక కొండ జారకుండా, కలప దొంగలు చొరబడకుండా నాటారు దీన్ని. నాటిన పెద్దలు వెళ్ళిపోయారు, తీగ ఉండిపోయింది. తెలిసిన నడక వస్తే ఆకులు పడుకుంటాయి, వేళ్ళు బిగుసుకుని మెట్ల లాగా కాలికి అందుతాయి. వెనకాలే వచ్చేవాళ్ళకూ కాసేపు అలాగే ఉంటుంది. తెలియని నడకైతే ముళ్ళు లేస్తాయి. ఎంత మందం చెప్పయినా ఆగవు. పైగా ఒక బాటకు ఒకే నడక. రెండో నడక దానికి పట్టదు.

ఈ బాటలో తీగ మొలకగా ఉన్నప్పటి నుంచి నడిచినవాణ్ణి నేను. సముద్రం మా ఊరిని మింగిన ఏడాది పడవ ఒరిగి నా ఎడమ కాలి మీద పడింది. అప్పటి నుంచి కుంటే. తీగ ఆ కుంటి నడకే నేర్చుకుంది. అందుకే నా బాటలో ఒక మెట్టు పొడుగు, ఒక మెట్టు పొట్టి. ముసలివాళ్ళకు అదే హాయి. పొట్టి మెట్టు మీద ఊపిరి తీసుకుంటారు, పొడుగు మెట్టు ఎక్కుతారు. ఇంత సులువైన బాట ఇంకోటి లేదని అందరూ అనేది నా కాలి చలవే!

డొంబుకు వాళ్ళ నాన్న నుంచి బాట వచ్చినప్పుడు తీగ ఇట్టే ఒప్పుకుంది. తండ్రీకొడుకులది ఒకటే నడక. నూకరత్నానిది వాళ్ళమ్మ నడక కదా. తాబేలు బండ దాకా కూడా పోలేకపోయింది. ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి పాదాల్లో ముళ్ళు తీశాను.

"నొప్పి పుడతందేటే?"

"ట్యాంకుపేటలో నీళ్ళ కాడ జనం తొక్కిన తొక్కుళ్ళకి ఇదేటి నాన్నా. తియ్యి."

ఆరుద్ర చివర్న.

రోజూ వెళుతోంది, రోజూ నెత్తుటి కాళ్ళతో దిగుతోంది. తీగ కొంచెం కూడా మెత్తబడలేదు. తనూజ మేడం వచ్చి చూసింది. మంచి మనిషే, మా అమ్మాయి పాదాలు చూసి మొహం తిప్పుకుంది. "ఇంకొన్నాళ్ళు చూద్దాం. నా చేతిలో ఉన్నంతవరకు మూసేయకుండా ఆపుతాను" అంది. ఆవిడ చేతిలో ఎంతుందో నాకు తెలుసు.

బాట పోతే నాకూ ఇల్లు ఉండదు. అది పర్వాలేదు, నాదేముంది. బిడ్డ మళ్ళీ ట్యాంకుపేటకు పోవాలి. ఈ పూట ఇంటి వెనక స్నానం చేస్తోంది. చెంబు మీద చెంబు పోసుకుంటున్న చప్పుడు ఆగడం లేదు. మళ్ళీ దొరకదేమో అన్నట్టు పోసుకుంటోంది.

పునర్వసు కార్తె.

ఒప్పుకుంది! తీగ నా కూతుర్ని ఒప్పుకుంది!

గబగబా రాసేస్తున్నాను, అక్షరాలు ఎలా పడుతున్నాయో తెలియదు. పొద్దున నేను ముందుగా ఊట దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను, ముళ్ళు దిగితే మోసుకు రావచ్చని. కింద నుంచి ఆకులు పడుకుంటున్న చప్పుడు వినబడింది. సన్నగా, చాప విప్పినట్టు. ఆ చప్పుడు ఎప్పుడూ నా కాలి కింద వినడమే గానీ, దూరం నుంచి వినడం ఇదే మొదలు. మలుపు తిరిగి నూకరత్నం వచ్చింది. పాదాల మీద ఒక్క చుక్క నెత్తురు లేదు. మెట్లు వాటంతట అవే లేచి కాలికి అందుతున్నాయి.

అప్పుడు చూశాను. అది నాలాగా నడుస్తోంది. ఎడమ కాలు ఈడుస్తూ, తుంటి వాలుస్తూ, అచ్చం నేనే.

"ఎలాగుంది నాన్నా?" అంది.

ఏడుస్తూ నవ్వాను. చిన్నప్పుడు ఇదే ఆట. నా వెనకాల కుంటుతూ వచ్చి జనాన్ని నవ్వించేది. వాళ్ళమ్మ అట్లకాడ పట్టుకుని, "కాలు అలాగే ఉండిపోద్దే!" అని వెంటపడేది. ఆ ఆటే ఈ రోజు అన్నం పెడుతోంది! నా కుంటిని చూసి జాలిపడ్డవాళ్ళే గానీ, కావాలని అడిగినవాళ్ళు లేరు. నా బిడ్డ కోరి తీసుకుంది. నా అంత గొప్పవాడు ఈ కొండ మీద ఎవరున్నారు?

మధ్యాహ్నమంతా బాట మీదే ఉండి తప్పులు దిద్దాను.

"మడమ కాదు, కాలి ఏళ్ళు ముందు. ఇప్పుడు తుంటి వాల్చు. ఈడ్చు. ఆగు. ఊపిరి తీసుకో. అదీ!"

"ఇంత కట్టమైన నడక ఇన్నేళ్ళు ఎలా నడిసినావు నాన్నా?"

"అలవాటైపోద్దే" అన్నాను.

పుష్యమి కార్తె.

వాన తెరిపిచ్చిన పూట చెంబు పరీక్ష అయింది. కొత్త కాపరి వెనకాల ఒక పెద్దావిడ నిండు చెంబు పట్టుకుని గేటు నుంచి మబ్బు అరుగు దాకా నడవాలి. పైకి చేరాక చెంబులో నీళ్ళు తగ్గకపోతేనే సులువు బాట. మైదానం మనుషులు కదా, చెంబుడు నీళ్ళు చేతిలో పెడితే పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుంటారు. తనూజ మేడం పైన వంగి చెంబులోకి చూసింది. అంచు దాకా అలాగే ఉన్నాయి.

"శభాష్" అంది.

అందరికీ నేనే మందు రాశాను, నేనే బెల్లం పంచాను. వాగులో పీతలు పట్టి పులుసు పెట్టాను. డొంబు కొంచెం జీలుగు కల్లు తెచ్చాడు, కొంచెం తాగే వచ్చాడు. తిన్నంతసేపూ నూకరత్నాన్నే చూస్తూ కూర్చున్నాడు. అది కూర గిన్నెతో వంటింటికీ అరుగుకీ తిరుగుతోంది.

"మావా, ఒక మాట సెప్తే తిడతావేటి?"

"సెప్పరా."

"గుంట ఇంట్లో కూడా అలాగే నడుస్తంది సూసినావా?"

"అలాగంటే?"

"నీలాగ."

"ఆట పట్టిస్తంది. నీకు ఎక్కినాది, ఇంటికి పో" అన్నాను. పోయాడు. నేను అన్న తీరుకు వాడు నొచ్చుకున్నాడేమో.

మఖ కార్తె.

కొన్నాళ్ళుగా రాయలేదు. రాయడానికి మనసు ఒప్పలేదు.

నిన్న వచ్చిన జనంలో ఒక పెద్దావిడ, పల్చటి మనిషి, మొహమంతా నవ్వు. గేటు దగ్గర కాళ్ళకు నాతో మందు రాయించుకుంటూ అటూ ఇటూ చూసింది. నూకరత్నం బావి నుంచి బిందె తెస్తోంది. ఆవిడ దాన్ని చూసి, నన్ను చూసి, ఎంతో జాలిగా అడిగింది:

"మీ ఇద్దరికీ పుట్టుకతోనేనా బాబూ? వంశంలోనే ఉందా?"

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆవిడ కాలు నా చేతిలో ఉండిపోయింది.

"నాది పడవ పడి" అన్నాను.

"అమ్మాయిది?"

నేను మళ్ళీ మందు రాయడం మొదలుపెట్టాను.

ఆ రోజంతా చూశాను. బిందె దించడం, చీపురు పట్టడం, గుమ్మం దాటడం. గట్టి నేల మీద, తీగ లేనిచోట, ఎవరూ చూడనిచోట. ప్రతి అడుగూ నాదే. గుమ్మం దగ్గర ఒకసారి ఆగి తుంటి అదిమి పట్టుకుంది. నేను కూడా అక్కడే ఆగి, అలాగే అదిమి పట్టుకుంటాను. మా గుమ్మం చెక్క మీద నా చేతి జిడ్డు మరక ఉంది. దాని చెయ్యి సరిగ్గా ఆ మరక మీదే పడింది.

మఖలోనే, తెల్లారి.

అడిగేశాను.

"నూకా, ఒక్కపాలి మీ అమ్మలాగ నడువే."

"ఇప్పుడెందుకు?"

"ఊరికే. నడువు."

అరుగు మీద నిలబడింది. నడుం నిటారు చేసింది. రెండడుగులు సరిగ్గానే పడ్డాయి, మూడోది వాలిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి మొదటి అడుగే వాలింది. మొహం కడుక్కున్నట్టు చేతులతో మొహం రుద్దుకుని నవ్వింది.

"రాట్లేదు నాన్నా."

"బాట మీద కుంటు. ఇంటికొచ్చి మామూలుగా నడువు. ఎవులు వద్దన్నారే?"

"అలా సేసి సూసినాను. ఇంట్లో సరిగ్గా నడిస్తే తెల్లారి బాట మీద తప్పుతాది. తప్పితే ముళ్ళు. నా ఎనకాల వచ్చేవోళ్ళకీ ముళ్ళు. అందుకే మానీసినాను."

"తుంటి నొప్పి ఎప్పట్నుంచి?"

"నీకెప్పట్నుంచో నాకూ అప్పట్నుంచే అనుకో" అని మళ్ళీ నవ్వింది. నేను నవ్వలేదని చూసి నా పక్కన కూర్చుంది. "నాన్నా, కుంటితే వాన. కుంటకపోతే ట్యాంకు. నువ్వైతే ఏటి తీసుకుందువు? సెప్పు."

 చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి. అది చెయ్యి చాపి దోసిలి పట్టింది.

పుబ్బ కార్తె.

తనూజ మేడాన్ని అడిగాను. తీగకు కొత్త నడక నేర్పే దారే లేదా?

ఉంది. బాట మూసేసి, తీగ వేళ్ళు చచ్చిపోయేదాకా ఏళ్ళకేళ్ళు వదిలేసి, మళ్ళీ మొలక దగ్గర నుంచి మొదలుపెట్టాలి. అప్పటిదాకా కాపరి ఉండడు, కాపరికి ఇల్లూ ఉండదు.

"మీ అమ్మాయి ఇష్టపడే చేస్తోంది కదండీ" అంది ఆవిడ మెల్లగా. "ప్రతి ఉద్యోగమూ ఎక్కడో ఒకచోట వంచుతుంది. కంప్యూటరు తెర ముందు కూర్చుని కూర్చుని నా మెడ చూడండి, ఇటు తిరగదు." నిజంగానే తిరగలేదు. ఆవిడ అబద్ధం చెప్పే మనిషి కాదు. అందుకే నాకు ఎక్కువ భయమేసింది.

ఇంటికి వస్తూ ఒకటి ఆలోచించాను. తీగకు నేను తెలుసు. మొలకగా ఉన్నప్పటి నుంచి తెలుసు. వేరేవాళ్ళు మారిస్తే ఒప్పుకోకపోవచ్చు. నేనే కొంచెం కొంచెంగా నడక సరి చేసుకుంటూ వెళితే? నన్ను కాదంటుందా? నా వెంటే అదీ నేర్చుకుంటుంది. నాతోపాటు నిటారు నడకకు వస్తుంది. అప్పుడు నా బిడ్డ నిటారుగా నడవొచ్చు. వానా ఉంటుంది, వాళ్ళమ్మ నడకా ఉంటుంది!

ఇది తట్టగానే దారిలోనే గట్టిగా నవ్వాను. డొంబు తన బాట మీద నుంచి కేకేశాడు.

"ఏటి మావా, ఒక్కడివే నవ్వుతన్నావు?"

"నీకు సెప్పినా అర్థం కాదురా!"

ఉత్తర కార్తె.

వెదురు బద్దలు చెక్కి మోకాలికి రెండు పక్కలా పెట్టి గుడ్డతో బిగించాను. ఎడమ చెప్పు కింద చెక్క ముక్క కొట్టాను, రెండు కాళ్ళూ సమానం కావాలని. అది ఇంట్లో లేనప్పుడు అరుగు మీద గోడ పట్టుకుని నడవడం నేర్చుకున్నాను. నూకరత్నం జనాన్ని తేవడానికి గేటుకు వెళ్ళేలోపే, ఇంకా మబ్బు దిగి ఉండగానే, ఒక్కణ్ణే బాట ఎక్కుతున్నాను.

మొదట్లో తీగ కొంచెం తడబడింది. ఆకులు సగం పడుకుని సగం లేచాయి. ఎంత ఆనందమో! నన్ను గుర్తుపట్టి ఆలోచిస్తోంది అనుకున్నాను. తర్వాత ముళ్ళు వచ్చాయి. నా బతుకులో ఈ తీగ నన్ను గుచ్చడం ఇదే మొదలు. పర్వాలేదు. నా బిడ్డ ఓర్చుకోలేదా? రోజుకు కాస్త దూరం. నెత్తురు కనబడితే జలగలు పట్టాయని చెబుతున్నాను.

"మందు పెట్టుకోవేటి నాన్నా? అందరికీ రాసీ నువ్వు మర్సిపోతావు" అంటుంది నూకరత్నం. పాదాలు ముట్టుకోనివ్వడం లేదు నేను.

హస్త కార్తె.

మొన్న ఊట దాటి పెద్ద ఫెర్న్ దాకా వెళ్ళాను. ఇంతవరకు అదే ఎక్కువ. అక్కడ ఆగి ఊపిరి తీసుకుని వెనక్కి తిరిగేసరికి బాట లేదు. నేను వచ్చిన దారంతా ముళ్ళు లేచి ఉన్నాయి. ముందూ అంతే. ఒక్క అడుగు వేశాను, చెక్క ముక్కను దాటుకుని పాదంలో దిగింది. ఇంకో అడుగు వేసే ధైర్యం లేకపోయింది. ఈ బాట మీద పిల్లల్ని భుజాన ఎక్కించుకుని నడిచినవాణ్ణి, గర్భిణుల చెయ్యి పట్టుకుని నడిచినవాణ్ణి, నేలకు అంటుకుపోయి నిలబడ్డాను. అరవడానికి సిగ్గేసింది. వాన పడుతూనే ఉంది.

ఎంతసేపటికో చాప విప్పిన చప్పుడు. నూకరత్నం కుంటుతూ మలుపు తిరిగింది. వెనక జనం లేరు, గేటు దగ్గరే ఆపేసి వచ్చిందట. దాని ముందు ముళ్ళు ఒక్కొక్కటే వాలిపోతున్నాయి. నా దగ్గరికి వచ్చి, నా మోకాలి కట్లు చూసింది. చెప్పు కింద చెక్క చూసింది.  కూర్చుని, కొడవలితో గుడ్డలు కోసి, బద్దలు ఊడదీసి పక్కన పడేసింది. చెప్పు తీసేసింది. అప్పుడు కనబడ్డాయి నా పాదాలు.

కాసేపు వాటినే పట్టుకుని కూర్చుంది.

"నాకోసమా?"

"నువ్వు సరిగ్గా నడుస్తావని..."

"నేనడిగినానా?"

నేను పాదాలు వెనక్కి లాక్కోబోయాను.

"నాకు ఇది సాలు నాన్నా. దీన్ని పాడు సెయ్యకు." లేచి నిలబడింది. "నా అడుగులో అడుగేసి రా."

వచ్చాను. రెండడుగులు వేయగానే మళ్ళీ గుచ్చుకుంది. ఇన్నాళ్ళ కట్లకు నా మోకాలు బిగుసుకుపోయింది. నా కుంటి నాకే సరిగ్గా పడటం లేదు. నూకరత్నం వెనక్కి తిరిగి నా నడుం పట్టుకుంది.

"మడమ కాదు నాన్నా, కాలి ఏళ్ళు ముందు. ఇప్పుడు తుంటి వాల్చు. ఈడ్చు. ఆగు. ఊపిరి తీసుకో. అదీ."

అలా దిగాం. నా నడక నాకు నేర్పుకుంటూ నా కూతురు నన్ను కిందికి తెచ్చింది. గేటు దగ్గర ఆగి, "ఇంక నువ్వు బాట ఎక్కొద్దు" అంది. కోపంగా కాదు. కాపరి ఎవరికైనా చెప్పినట్టు.

స్వాతి కార్తె. చివరి వాన.

ఈ రోజుతో అప్పగింత పూర్తి. బాట నూకరత్నానిది. కాపరికి తండ్రిగా నాకూ ఇంట్లో చోటుంది. దినచర్య ఇచ్చేయమని తనూజ మేడం కబురు పెట్టింది. చివర్న కొత్త కాపరి గురించి మంచి మాట రాయాలట. రాస్తాను. ఈ కొండ మీద ఇంత మంచి కాపరి లేదు. దాని వెనకాల నడిచినవాళ్ళెవరికీ ఒక్క ముల్లు గుచ్చుకోలేదు. చెంబు తొణకదు.

నా పని ఇప్పుడు గేటు దగ్గర. వచ్చినవాళ్ళ కాళ్ళకు మందు రాస్తాను. డొంబు అటు వెళుతూ ఆగి నా పక్కన కూర్చుంటాడు. ఈగల మాట ఎత్తడం మానేశాడు. ఈ పొద్దున ఒకావిడ బిడ్డను చంకనేసుకుని, ముందు నడుస్తున్న నూకరత్నాన్ని చూసి నాతో అంది:

"మీ అమ్మాయేనా? అడగక్కర్లేదులెండి, నడకే చెబుతోంది."

"అవునమ్మా, మా అమ్మాయే" అన్నాను. పళ్ళన్నీ కనబడేలా నవ్వాను కూడా. డొంబు లేచి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం అది ఇంటి వెనక స్నానం చేసింది. ఈ రోజుకు నాలుగోసారి. ఏదో కూనిరాగం తీస్తూ చెంబు మీద చెంబు పోసుకుంది. తర్వాత తడి కాళ్ళతో అరుగు మీద నడిచి లోపలికి వెళ్ళింది. ఒక పొడుగు, ఒక పొట్టి. ఒక పొడుగు, ఒక పొట్టి.

నేనూ లేచి లోపలికి వెళ్ళాను. ఇంట్లో ఇద్దరం నడుస్తున్నాం. చప్పుడు మాత్రం ఒక్కరిదే.